ఎర్ర సున్నా చుట్టిన తేదీ

జూన్ ఒకటో తేదీ ఉదయం ఆరు గంటలకి చినమెరక లాకు దగ్గర పై గేజీ సున్నా. ఆ మాట చెప్పింది మురళీకృష్ణ. రిజిస్టరులో రాసుకున్నది వాళ్ళ నాన్న చంద్రరావు.

"గేజీ ఎంతండీ?" అని చంద్రరావు లాకు మీద నిలబడి అడిగాడు.

"సున్నా అండీ," అని కింద మెట్ల మీంచి జవాబు వచ్చింది.

కాలువ కట్టేసి ఆ రోజుకి నలభై ఏడు రోజులు. నలభై ఏడు రోజులూ అదే ప్రశ్న, అదే జవాబు. అడుగున మట్టి బీటలు వారి ఉన్న సంగతి రోడ్డు మీద పోయేవాడికి కూడా కనిపిస్తుంది. అయినా మురళీకృష్ణ ఎగువ వైపు పద్నాలుగు మెట్లూ దిగాలి, నీటిమట్టం తెలియడానికి అడుగులూ అంగుళాలూ చెక్కిన రాతి ముందు వంగాలి, చూసి చెప్పాలి. అప్పుడుగాని అతనికి రోజు మొదలవదు. వయసు ఇరవై ఏడు. ఎత్తు ఆరడుగులు, బరువు ఎనభై కిలోలు. ఇంట్లో తండ్రిని నాన్నా అంటాడు. లాకు మీదకి వచ్చాక మాత్రం అందరూ పిలిచినట్టే లస్కరు గారూ అంటాడు. అక్కడ నాన్నా అని ఎప్పుడూ అనలేదు. ఇంట్లో లస్కరు గారూ అని కూడా ఎప్పుడూ అనలేదు.

కాలువ మీద షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగిని డెల్టాలో లస్కరంటారు. చంద్రరావు ముప్పై నాలుగేళ్ళుగా అదే పని చేస్తున్నాడు, అందులో ఇరవై తొమ్మిదేళ్ళు చినమెరక లాకు దగ్గరే. కొవ్వూరు నుంచి బస్సులో వస్తే ముప్పావుగంట. గట్టు మీద ఒక క్వార్టరు, ఎదురుగా హరిబాబు టీకొట్టు, మధ్యలో మూడు షట్టర్ల లాకు. ప్రపంచంలో తక్కినదంతా ఆయనకి ఫోన్లో వస్తుంది.

పాములన్నా చీకటన్నా చంద్రరావుకి లెక్కలేదు. నీళ్ళంటే భయం. ఆ మాట ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పడు. షట్టర్ల దగ్గర ఆగిన శవాలని సర్వీసులో పదకొండింటిని బయటికి తీశాడు. వాళ్ళలో ఈతరాని వాళ్ళు ముగ్గురే. తక్కిన వాళ్ళందరికీ ఈత వచ్చు.

కొడుక్కి ఈత రాదు. అది కాదు అసలు భయం. పారే నీళ్ళు కంటపడితే మురళీకృష్ణ కూర్చుండిపోతాడు. పిలిస్తే పలకడు, లాగితే రాడు. తొమ్మిదో ఏట ఒకసారి పొలానికి నీళ్ళు పెట్టే బోదెలో కూర్చున్నాడు. మధ్యాహ్నమంతా వెతికారు. దొరికేసరికి నీళ్ళు గొంతు దాకా వచ్చాయి. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు పోతుంటే చూసి నవ్వుతున్నాడు. చంద్రరావు బోదెలోకి దూకినప్పుడు కూడా తలెత్తలేదు.

అప్పటికి వాళ్ళకి ఆ జబ్బు పేరు తెలియదు. అది జబ్బు కాదన్న సంగతీ తెలియదు. బళ్ళో మేష్టారు మొండి అన్నారు. చంద్రరావు అత్తగారు పిఠాపురం తీసుకెళ్ళి మూడు శుక్రవారాలు గుళ్ళో కూర్చోబెట్టింది. పదకొండో ఏట రాజమండ్రిలో ఒక డాక్టరమ్మ రెండు గంటలు చూసి ఆటిజం అని చెప్పింది. మందు లేదంది. అలవాట్లు మార్చబోకండి, మారేటప్పుడు ముందే చెప్పండి అంది. తర్వాత ఇంట్లో వాళ్ళ సంగతులు అడిగింది.

చంద్రరావు నోరు విప్పేలోగా భార్య వెంకటదుర్గ అందుకుంది. "ఈయనా అంతేనండి. పెళ్ళయిన కాడ్నించీ పొద్దున్న పెసరట్టు తప్ప ఇంకోటి ముట్టరు. షట్టరు చక్రం ఎన్ని చుట్లు తిప్పారో రాసుకుంటే గానీ ముద్ద దిగదు. పెళ్ళికి తీసుకెళ్తే వంటల దగ్గర నిలబడి గాడిపొయ్యిలు లెక్కెడతారు."

డాక్టరమ్మ చంద్రరావు వైపు ఓ చూపు చూసింది.  తిరిగొచ్చేటప్పుడు బస్సు గోదావరి వంతెన మీద ఉండగా వెంకటదుర్గ అంది, "మీకూ ఉందంటే ఉన్నట్టేనండి. కాగితం ఒకటే తక్కువ."

ఆవిడ నవ్వించబోయింది. చంద్రరావు నవ్వలేదు. ఆ కుర్రాడు ఎందుకలా చేస్తాడో అందరూ తల పట్టుకుంటున్నప్పుడు తనకి మాత్రం ఎందుకు తెలిసిపోతుందో ఆ బస్సులో అర్థమైంది. తను లేకపోతే ఇక ఎవరికీ తెలియదని కూడా అప్పుడే అర్థమైంది.

వాళ్ళింట్లో క్యాలెండరు గోడకి కాదు, తలుపుకి ఉంటుంది. మార్పు ఏది రాబోతున్నా చంద్రరావు ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుడతాడు. మురళీకృష్ణ రోజూ దాని ముందు నిలబడి ఎన్ని గళ్ళు మిగిలాయో వేలితో తాకి చూసుకుంటాడు. చుట్టిన సున్నా చెరపకూడదు. మూడేళ్ళ కిందట డాక్టరమ్మ ఊళ్ళో లేదని ఒక తేదీ మార్చారు. తలుపు ద్వారబంధానికి తల కొట్టుకుని నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. అప్పటి నుంచీ ఆ పెన్ను చంద్రరావు జేబులోనే ఉంటుంది. ఖాయంగా తెలిస్తే తప్ప బయటికి రాదు.

కాలువలో నడక కూడా ఆయన పెట్టిన అలవాటే. మురళీకృష్ణ నడవకుండా ఉండలేడు. గట్టు మీద ఇసక లారీలు. హారను వినపడితే చెవులు మూసుకుని రోడ్డు మధ్యలో కూర్చుంటాడు. ఒకసారి లారీ జానెడు దూరంలో ఆగింది. ఆ వేసవిలోనే చంద్రరావుకి తోచింది, ఎండిన కాలువలో లారీలు రావు కదా అని. కాలువ కట్టేసినన్నాళ్ళూ ఆరున్నరకి లాకు కింది వైపు మెట్లు దిగి, మూడు కిలోమీటర్లు నడిచి, రామన్నపాలెం వంతెన స్తంభాన్ని మూడుసార్లు తాకి, ఎనిమిదికి అయిదు నిమిషాల ముందు అవే మెట్లెక్కుతాడు. నీళ్ళు వదిలే తేదీకి ఎర్ర సున్నా ఉంటుంది. ఆ రోజు నుంచి దిగకూడదు. ఆరేళ్ళుగా ఆ ఏర్పాటులో ఒక్క లోపం రాలేదు.

ఈ ఏడు సున్నా చుట్టింది జూన్ అయిదుకి.

మే ముప్పై ఒకటి సాయంత్రం ఏడింటికి సెక్షను ఏఈ విశ్వనాథ్ గారు ఫోన్ చేశారు. "చంద్రరావు గారూ, దిగువన మంచినీళ్ళ చెరువులు ఎండిపోయాయి. అయిదు దాకా ఆగలేం. రాత్రి ఎనిమిదింటికి బ్యారేజీ దగ్గర వదిలేస్తున్నారు. మీ దగ్గరికి రాగానే ఎత్తేయండి."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు చంద్రరావు.

ఫోన్ పెట్టేసి తలుపు వైపు చూశాడు. మురళీకృష్ణ అప్పుడే అయిదు గళ్ళు తాకి వెళ్ళి మంచమెక్కాడు. ఇప్పుడు చెబితే తెల్లవార్లూ గోల, మళ్ళీ ఆసుపత్రి. బ్యారేజీ నుంచి చినమెరకకి నీళ్ళు రావడానికి పద్నాలుగు గంటలు. ముప్పై నాలుగేళ్ళలో అంతకి తక్కువ ఎప్పుడూ చూడలేదు. అంటే పొద్దున్న పదింటికి. అబ్బాయి ఎనిమిదికల్లా వచ్చేస్తాడు. వచ్చాక, నీళ్ళని కళ్ళతో చూపించి చెప్పొచ్చు. చంద్రరావు పెన్ను జేబులోంచి తీయలేదు. భార్యకి కూడా చెప్పలేదు.

ఆరున్నరకి మురళీకృష్ణ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆరూ యాభైకి ఎగువ లాకు లస్కరు బుల్లబ్బాయి ఫోన్ చేశాడు.

"ఏం బావా, చక్రానికి గ్రీజు పెట్టావా? నీళ్ళు నన్ను దాటి మూడు గంటలైంది."

చంద్రరావు కింది వైపు మెట్ల మీదకి తిరిగి చూశాడు. "మూడు గంటలా?"

"మరే. ఈసారి గుర్రపుడెక్కంతా పీకించేశారు కదా. అడ్డేముంది? పరిగెట్టుకొస్తంది. నీకు తెలిసే ఉంటదిలే, పడుకున్న మనిషిని లేపడం ఎందుకని చెయ్యలేదు."

డెక్క తీసేటప్పుడు చంద్రరావు పక్కనే నిలబడి ట్రిప్పులు లెక్క రాశాడు. నూట పన్నెండు ట్రాక్టర్లు. ఆ లెక్కని పద్నాలుగు గంటల్లోంచి తీసేయాలని తోచలేదు.

దిగువన పనులు జరుగుతున్నాయని మూడు షట్టర్లూ దించే ఉన్నాయి. ఏడూ అయిదుకి నీళ్ళు వచ్చాయి. ముందు నురగ, ఎండాకులు, చెప్పులు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. వెనకాల ఎర్రగా, చప్పుడు లేకుండా నీరు. షట్టర్లకి తగిలి ఆగింది, పైకి లేవడం మొదలెట్టింది.

వెంకటదుర్గ గిన్నెలు కడుగుతున్నదల్లా లేచి వచ్చి చూసింది. చూసి మొగుడి మొహం చూసింది.

"ఏంటండీ ఇది? అయిదున కదా?"

"రాత్రి ఫోనొచ్చింది."

"రాత్రే తెలుసా మీకు?"

ఆయన జేబులోని ఎర్ర పెన్ను తడుముకున్నాడు. ఆవిడ కొంగు నడుముకి దోపుకుని టీకొట్టు వైపు పరిగెత్తింది. హరిబాబు స్టవ్ మీద పాలు అలాగే వదిలేసి బండి తీశాడు.

ఏడుంబావుకి గేజీ ఒకటిన్నర అడుగులు. ఏఈ గారి ఫోను.

"నీళ్ళొచ్చాయా? ఎత్తారా?"

"మా వాడు కాలవలో ఉన్నాడండి."

 మురళీకృష్ణ సంగతి విశ్వనాథ్ గారికి తెలుసు. వచ్చినప్పుడల్లా అతని చేత గేజీ చదివించుకుంటారు.

"ఎంతసేపు కావాలి?"

"నలభై నిమిషాలండి."

"ఎగువన కోళ్ళఫారం మలుపు దగ్గర గట్టు సంగతి మీకు నేను చెప్పాలా? అక్కడ గండి పూడ్చింది ఇసక బస్తాలతో. వెనకాల కాలనీ, నలభై ఇళ్ళు. గేజీ అయిదు దాటితే బస్తాలు ఆగవు. అయిదు దాకా ఆగండి. అయిదుకి ఎత్తాల్సిందే. నేను బయల్దేరుతున్నా."

కొద్దిగా ఎత్తితేనో అని చంద్రరావు ఆలోచించాడు. బెత్తెడు ఎత్తితే దిగువన చీలమండ లోతు కూడా రాదు. మామూలు మనిషైతే నడిచి వచ్చేస్తాడు. మురళీకృష్ణ కాళ్ళకి ఆ నీరు తగిలిన చోటే కూర్చుంటాడు. చక్రం మీద వేసిన చేతులు తీసేశాడు.

ఏడూ ఇరవై రెండుకి వెంకటదుర్గ ఫోన్ చేసింది. గాలీ, ఏడుపూ కలిసి వినపడుతున్నాయి. వంతెనకి ఇవతల అర కిలోమీటరులో అబ్బాయి కనిపించాడట. పిలుపు వినిపించాలని హరిబాబు గట్టు మీంచి హారను కొట్టాడట.

"కూచున్నాడండీ. చెవులు మూసుకుని కూచున్నాడు. నేను దిగాను. చెయ్యి పట్టుకుంటే తోసేశాడు. నా వల్ల కాదు."

"హారనా?" అన్నాడు చంద్రరావు.  మామూలుగా అయితే అలా కూర్చున్నవాడు లేవడానికి గంట పడుతుంది. గేజీ మూడడుగులు దాటింది. షట్టరు అంచుల సందుల్లోంచి సన్నగా ధారలు కడుతున్నాయి.

"ఫోను వాడి చెవి దగ్గర పెట్టు. నువ్వేమీ మాట్లాడకు. ఏడవకు."

అవతల ఊపిరి చప్పుడు దగ్గరైంది. చంద్రరావు గొంతు సవరించుకున్నాడు. కొడుకుని పిలిచినట్టు పిలవలేదు.

"లస్కరుని మాట్లాడుతున్నానండి."

షట్టరు సందులో ఇంకో ధార మొదలైంది. తర్వాత, "చెప్పండి లస్కరు గారూ."

"గేజీ చూడాలండి."

"ఆరింటికి చూశాం. సున్నా."

"ఇప్పుడు సున్నా కాదండి."

"ఎర్ర సున్నా అయిదున."

"అవునండి. అయినా ఇప్పుడు గేజీ సున్నా కాదు. నేను చూడలేదు. చూడాల్సింది మీరు కదండీ."

ఫోనులో మట్టి చప్పుడు. వెంకటదుర్గ గొంతు, "లేచాడండీ! పరిగెడుతున్నాడు... అయ్యో, గట్టెక్కట్లేదు, కాలవలోనే! మీ వైపే వస్తున్నాడు!"

గట్టెక్కడని చంద్రరావుకి తెలుసు. దిగిన మెట్ల మీదే ఎక్కుతాడు. రెండున్నర కిలోమీటర్లు. తను పిలిచిన పిలుపుతో కొడుకు నీళ్ళకి ఎదురుగా పరిగెత్తుకొస్తున్నాడు. మధ్యలో మూడు ఇనప తలుపులు ఉన్నాయి. వాటి వెనక నీరు ముప్పై నాలుగేళ్ళలో ఏ రోజూ ఇంత తొందరగా లేవలేదు.

ఏడూ ముప్పై అయిదుకి నాలుగున్నర. ఏడూ నలభైకి అయిదు.

ఏఈ గారి ఫోను మోగింది. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. ఎత్తలేదు. కాలనీలో ఆడవాళ్ళు ఈపాటికి పొయ్యిల దగ్గర ఉంటారు, పిల్లలకి సెలవులు కాబట్టి ఇంకా పడుకుని ఉంటారు. ఆ ఇళ్ళలో సగం మంది ఆయనకి పేర్లతో సహా తెలుసు. చేతులు రెండూ చక్రం మీద ఉన్నాయి.

ఏడూ నలభై నాలుగుకి దిగువ మలుపులో నీలం చొక్కా కనిపించింది. పరుగు ఆపకుండా వస్తున్నాడు.  

సందుల్లోంచి కారిన నీరు కాలువ అడుగున పాయలుగా చీలి, బీటల వెంట మెరుస్తూ పాకుతోంది. లాకుకి నూరు గజాల దూరంలో అది మురళీకృష్ణ కాళ్ళ దాకా వచ్చింది. అతను ఆగాడు. వంగాడు. నెమ్మదిగా, భోజనానికి కూర్చున్నట్టు మఠం వేసుకుని కూర్చున్నాడు. చెయ్యి నీళ్ళలో పెట్టి వేళ్ళు విడదీశాడు.

గట్టు మీద జీపు దుమ్ము లేపుతూ వస్తోంది. విశ్వనాథ్ గారు దిగుతూనే చక్రం పట్టుకుంటారు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు.

మురళీ అని అరవాలనిపించింది. పదకొండో శవాన్ని తీసిన రోజు ఆ తల్లి గట్టు మీద పేరు పెట్టి అలాగే అరిచింది. చంద్రరావు చేతులు చక్రం మీంచి తీసి, లాకు మధ్యకి వచ్చి, రోజూ నిలబడే రాయి మీద నిలబడ్డాడు. రోజూ అడిగే గొంతుతోనే అడిగాడు. 

"గేజీ ఎంతండీ?"

మురళీకృష్ణ తలెత్తాడు. నీళ్ళ వైపు చూశాడు. నాన్న వైపు చూశాడు. అది ఆరు గంటల ప్రశ్న. ఇది ఆరు గంటల వేళ కాదు. ఆ తేడా అతని మొహం మీద నొప్పిలా కదిలింది.

"గేజీ ఎంతండీ?"

లేచాడు. పంట్లాం వెనకాల బురద. మెట్ల దాకా వచ్చి, ఎప్పటిలాగే కుడికాలు ముందు పెట్టి, ఒక్కొక్క మెట్టూ ఎక్కాడు. పైకి వచ్చి తండ్రిని దాటుకుని అవతలి వైపు దిగాడు. అక్కడ సగం మెట్లు నీళ్ళలో ఉన్నాయి. తడి మెట్టుకి ఒక మెట్టు పైన ఆగి, వంగి, రాతి మీద అంకె చూశాడు.

"అయిదూ నాలుగండీ."

చంద్రరావు అప్పటికే తిప్పుతున్నాడు. జీపు దిగిన విశ్వనాథ్ గారు రెండో చక్రం అందుకున్నారు. షట్టరు కింది నుంచి నీరు తెల్లగా దూకింది. మురళీకృష్ణ కూర్చున్న చోటు ముప్పై సెకన్లలో కనిపించకుండా పోయింది. ఆ రోజు చక్రం ఎన్ని చుట్లు తిప్పాడో చంద్రరావు లెక్కపెట్టలేదు.

కోళ్ళఫారం మలుపులో బస్తాల కింది నుంచి నీరు ఊరింది. కాలనీలో ఆరిళ్ళ ముంగిళ్ళలోకి వచ్చింది. మనుషులకేం కాలేదు. మధ్యాహ్నం దాకా ఆడవాళ్ళు చేటలతో నీళ్ళు ఎత్తిపోస్తూ లస్కరుని తిట్టారు. ముసలయ్య అనే పెద్దాయన వడ్ల బస్తా ఒకటి తడిసిందని లాకు దాకా వచ్చి, కొట్టు దగ్గర హరిబాబు జరిగింది చెబితే విని, టీ తాగి వెళ్ళిపోయాడు.

మూడో రోజు మెమో వచ్చింది. ఆదేశించిన మట్టానికి షట్టర్లు ఎత్తనందుకు సంజాయిషీ ఇవ్వాలని. తెచ్చింది విశ్వనాథ్ గారే. సంతకం చేయించుకుని, "అబ్బాయి ఎలా ఉన్నాడు?" అని అడిగారు.

అబ్బాయి తల కొట్టుకోలేదు. కుట్లు పడలేదు. క్యాలెండరు ముందు మాత్రం నిలబడడం లేదు. అయిదో తేదీ వచ్చింది, వెళ్ళింది, ఆ గడిని తాకలేదు. రోజుకి పదిసార్లు తండ్రి దగ్గరికి వచ్చి, లాకు మీదైనా ఇంట్లోనైనా, ఒకటే మాట అంటున్నాడు.

"అయిదున అన్నారు. ఒకటిన వచ్చింది. లస్కరు గారు తప్పు."

"అవునండి, తప్పే," అంటాడు చంద్రరావు.  పదహారేళ్ళుగా ఆ కుర్రాణ్ణి నీళ్ళకి దూరంగా ఉంచింది గోడ కాదు, తాడు కాదు. లస్కరు గారి మాట తప్పదన్న నమ్మకం ఒక్కటే. ఇప్పుడు ఆరింటికి గేజీ చూసి చెప్పాక కూడా మురళీకృష్ణ పైకి రావడం లేదు. రెండోసారి వంగి చూస్తున్నాడు, మూడోసారి చూస్తున్నాడు. కాలువ నిండుగా పారుతోంది. చంద్రరావు మెట్ల మీద అతని వెనక నిలబడి చొక్కా చివర పట్టుకుంటున్నాడు.

వెంకటదుర్గ తలుపు మీద క్యాలెండరు తీయలేదు. వచ్చే ఏడాది కాయితం ఇంకా రాలేదు గానీ, అందులో ఎర్ర పెన్ను పెట్టాల్సిన చోట్లు ఇద్దరికీ ముందే తెలుసు. కాలువ కట్టేది ఏప్రిల్ పదిహేనున. చంద్రరావు రిటైరయ్యేది మే ముప్పై ఒకటిన. నీళ్ళు వదిలేది జూన్ ఒకటి తర్వాత, ఏ రోజైనా.